నాన్న వినకూడని నొప్పి

మా హాస్టల్లో ఆడపిల్లకి ఒంట్లో బాగోకపోయినా నాన్న అనుమతి కావాలి. మాటవరసకి అనడం లేదు, నిజంగానే రూలు. విజయవాడలో బందరు రోడ్డు మీద ఊరి చివర ఉండేది మా కాలేజీ. ఇంటర్ బైపీసీ, మెడికల్ సీటుకి కోచింగ్, హాస్టలు, మెస్సు, అన్నీ ఒకే బిల్డింగు. క్లాసు మానేసి కాసేపు సిక్ రూములో పడుకోవాలంటే ఇంటినుంచి ఫోన్ రావాలి. అదీ చేరినరోజు ఆఫీసులో ఇచ్చిన నంబరు నుంచే రావాలి. ఏ పిల్లదైనా ఆ నంబరు నాన్నదే. నన్ను చేర్పించినప్పుడు అమ్మ కూడా అక్కడే ఉంది, ఆవిడ సంచిలో ఆవిడ ఫోనూ ఉంది. నంబరు చెప్పండి సార్ అని క్లర్కు నాన్నని అడిగింది. నాన్న చెప్పాడు. అంతటితో సరి.

మనం ఇంటికి చేయాలన్నా ఫోను చేతికివ్వరు. ఫ్లోర్ ఇన్‌చార్జ్ మేడమ్ టేబుల్ ముందు నిలబడి, ఆవిడ ఫోన్లో, స్పీకర్ పెట్టుకుని మాట్లాడాలి. వెనక క్యూలో పిల్లలు, ఎదురుగా మేడమ్. అందులో మన గోడు ఏం చెప్పుకుంటాం, నా బొంద. తిన్నావా, తిన్నాను, చదువుతున్నావా, చదువుతున్నాను, ఇంతే.

నాకేమో నొప్పి తొమ్మిదో తరగతి నుంచీ ఉంది. నెలసరి రావడానికి ఒకట్రెండు రోజుల ముందే మొదలవుతుంది. కుడివైపు పొత్తికడుపులో పట్టుకుని, తడిబట్ట పిండినట్టు పిండుతూ, నడుములోంచి తొడల్లోకి దిగుతుంది. చెమటలు, వాంతులు, కళ్ల ముందు చీకట్లు. అందరికీ ఉండేదేగా అనేవాళ్లు. ఆ మాట ఎన్ని నోళ్ల నుంచి విన్నానో. అందరికీ ఉండేది నేనూ చూశాను, నా పక్క మంచం పిల్ల నడుము పట్టుకుని కాసేపు మూలిగి, లేచి ఇడ్లీ తినేది. నాకు ఇడ్లీ వాసనే పడేది కాదు. నాది వేరని నాకు తెలుసు, కానీ ఎవరితో చెప్పినా పోటీకొచ్చినట్టు మాట్లాడేవాళ్లు.

ఇంట్లో ఉన్నన్నాళ్లు అమ్మ చూసుకునేది. వాము నీళ్లు కాచి ఇచ్చేది, వేడినీళ్ల సంచి పెట్టేది, గది తలుపు దగ్గరికి వేసేది. నాన్న అడిగితే దానికి నలతగా ఉందండీ అనేది. నాన్న ఆహా అని చెప్పులేసుకుని కొట్టుకి వెళ్లిపోయేవాడు. చల్లపల్లిలో మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. రైతు ఎవరైనా ఎండిన వరి ఆకు పట్టుకొస్తే మా నాన్న వేసే ప్రశ్నలు వినాలి. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది, మచ్చ ముందు కొసన వచ్చిందా మొదట్లో వచ్చిందా, నీళ్లెప్పుడు పెట్టావు, అంతకుముందు ఏం చల్లావు. ఇవన్నీ అడగందే మందు డబ్బా చేతికివ్వడు. అలాంటి మనిషి, కూతురు నెలనెలా గదిలోంచి బయటికి రాకపోతే ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ప్రేమ లేక కాదు, అడక్కుండానే బందరు లడ్డూ తెచ్చి నా పుస్తకాల పక్కన పెట్టే మనిషే. ఆ ఒక్క విషయం మాత్రం మగవాళ్లది కాదని ఆయనకి ఎవరు నేర్పారో, బాగా నేర్పారు.

ఇందులో నాకు మరీ ఒళ్లుమండే సంగతి ఒకటుంది. నేను పెద్దమనిషినైనప్పుడు ఈ నాన్నే మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ వేయించాడు. పట్టులంగా, వడ్డాణం, పూలజడతో నిలువెత్తు నా బొమ్మ, కింద వరసగా బంధువుల మొహాలు. బస్సు దిగిన ప్రతివాడూ తలెత్తి చూశాడు. భోజనాలకి ఊరు ఊరంతా వచ్చింది. అంత పెద్ద అక్షరాలతో ఊరందరికీ చాటిన విషయం, ఆ పై నెల నుంచి మా ఇంట్లో నాన్న చెవిన పడకూడదు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటర్ రెండో సంవత్సరం చలికాలంలో, ప్రాక్టీసు పరీక్షలు జోరుగా జరుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున్న స్టడీ అవర్లో బెంచీ మీదే వాంతి చేసుకున్నాను. లేచి నిలబడితే కాళ్లు నిలవలేదు. పిల్లలిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఇన్‌చార్జ్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పరీక్ష వచ్చిందంటే చాలు నీకు నొప్పి వస్తుందేం అంది. అవును మరి, వారానికో పరీక్ష పెడితే ఏ నొప్పి వచ్చినా పరీక్షరోజే వస్తుంది. ఆ మాట పైకి అనలేదు. పడుకోనివ్వండి మేడమ్ అన్నాను. మీ నాన్నగారితో చెప్పించు అంది. ఇంటికి పంపండి మేడమ్ అన్నాను. దానికీ మీ నాన్నగారే చెప్పాలి అంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

ఆవిడే నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. నాన్న ఎత్తాడు. కొట్టులో ఉన్నట్టున్నాడు, వెనక బస్తాలు దించుతున్న చప్పుడు. ఏమైందమ్మా అన్నాడు. నా వెనక క్యూలో పిల్లలున్నారు, ఎదురుగా మేడమ్ ఉంది, ఫోనులో నాన్న ఉన్నాడు. కడుపునొప్పి నాన్నా అన్నాను. ఎక్కడ అన్నాడు. కుడిపక్క కింద అన్నాను. అంతే, ఆయన గొంతు మారిపోయింది. అంతకుముందు ఏడాది ఆయన స్నేహితుడొకాయనకి అపెండిక్స్ పగిలి ప్రాణం మీదికొచ్చింది. కుడిపక్క నొప్పి అంటే మా నాన్నకి ఇక వేరే జబ్బు లేదు. మంచినీళ్లు కూడా తాగొద్దు, నేను బయల్దేరుతున్నా అని ఫోను పెట్టేశాడు.

అమ్మా నాన్నా ఇద్దరూ కారు మాట్లాడుకుని వచ్చారు. తిన్నగా సూర్యారావుపేటలో ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనకి మా ఊరి పక్కన పొలం ఉంది, కౌలుకిచ్చాడు, ఆ పొలానికి ఎరువులు వెళ్లేది మా కొట్టు నుంచే. అందుకని నాన్నకి ఆయన మన డాక్టరు గారు. ఆయన గదిలో నాన్న కూర్చోమన్నా కూర్చోడు, చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఆయన మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. పొట్ట మీద నొక్కి చూశాడు. కుడిపక్క నొక్కి వదిలితే నేను కెవ్వుమన్నాను. రక్తపరీక్ష, స్కానింగ్ అన్నీ చేయించాడు. కొంచెం వాపు కనిపిస్తోంది, తేల్చి చెప్పలేం కానీ అనుమానంగా ఉంది అన్నాడు. తర్వాత మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా, నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచాను. నా పక్కన నాన్న ఉన్నాడు. చటుక్కున గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. నా నోట్లోంచి మాట వచ్చేలోపు అమ్మ అందుకుంది.

"మొన్ననే అయిపోయిందండీ. దానికి ఆ ఇబ్బందేం లేదు," అంది.

నేను అమ్మ మొహం చూశాను. అమ్మ డాక్టరు గారి మొహమే చూస్తోంది. నాకు రావాల్సిన రోజు వచ్చేసిందని అమ్మకి తెలుసు, నా లెక్క నాకంటే ఆవిడకే బాగా గుర్తు. హాస్టలు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, చుట్టం వచ్చిందా అని గొంతు తగ్గించి అడిగేది. అలాంటి మనిషి, కళ్లు కూడా ఆర్పకుండా అంత అబద్ధం ఆడింది. డాక్టరు గారు తల ఊపి, అయితే రేపు పొద్దున్నే తీసేద్దాం, పరీక్షల ముందు పగిలితే కష్టం అన్నాడు. మీ ఇష్టమండీ అని నాన్న సంతకం పెట్టేశాడు.

సాయంత్రం నాన్న టిఫిన్ తేవడానికి కిందికి వెళ్లాక, గదిలో నేనూ అమ్మా మిగిలాం. ఇంజెక్షనుతో నొప్పి కాస్త తగ్గింది, బుద్ధి పనిచేస్తోంది. అమ్మా ఇది అపెండిక్స్ కాదు, నీకూ తెలుసు అన్నాను. అమ్మ తువ్వాలు మడత పెడుతోంది. పెట్టిన మడతే విప్పి మళ్లీ పెట్టింది. ఏమో, అదేనేమో, అంత పెద్ద డాక్టరు మిషన్లో చూసి చెప్పాడుగా అంది. నేను వదల్లేదు. ప్రతి నెలా ఇదే పక్కన, ఇదే నొప్పి అన్నాను. ఈ మాట నువ్వు చెప్పకపోతే నాన్న రాగానే నేనే చెప్తాను అన్నాను.

అమ్మ మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "అపెండిక్స్ అయితే తీసేస్తే పోతుందే. ఇంకోటైతే ఎలా పోతుంది?" అంది.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. పోనీ ఇదే అయ్యుండొచ్చుగా, ఇన్నాళ్లూ ఇదే నెలనెలా పొడుచుకుంటూ ఉండొచ్చుగా, రేపటితో పీడ విరగడైపోవచ్చుగా. నొప్పిలో ఉన్న మనిషి ఏ దేవుడికైనా మొక్కుతుంది. నాన్న ఇడ్లీ పొట్లంతో వచ్చాడు, నాకు పెట్టకూడదంటే తనూ తినకుండా కిటికీలో పెట్టేశాడు. ఆయన్ని చూస్తే చెప్పాలనిపించింది, చూస్తూ చూస్తూ చెప్పలేకపోయాను.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఈలోపు నెలసరి వచ్చేస్తే చాలు. ఎవరూ నోరు విప్పక్కర్లేదు, నర్సు చూస్తుంది, డాక్టరు గారికి చెప్తుంది, అన్నీ వాటంతటవే ఆగిపోతాయి. ఏ ఆడపిల్లా ఎదురుచూడనంతగా దానికోసం ఎదురుచూశాను. మాటిమాటికీ బాత్రూముకి వెళ్లి చూసుకున్నాను. రావద్దన్నప్పుడల్లా తయారయ్యేది, బస్సులో వచ్చింది, పెళ్లిపందిట్లో వచ్చింది, పబ్లిక్ పరీక్షరోజు వచ్చింది, రమ్మని దణ్ణం పెడితే రాలేదు. తెల్లవారింది. నర్సు గౌను తెచ్చిచ్చింది. మరోసారి చూసుకున్నాను. ఏమీ లేదు.

స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే నాన్న పక్కన నడుస్తూ నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. పెద్దమనిషినైనప్పటి నుంచి నాన్న నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఏం కాదురా, నిద్రపోయి లేచేసరికి అయిపోతుంది అన్నాడు. నాన్నా అన్నాను. ఏమ్మా అని వంగాడు. అటుపక్క అమ్మ నా పాదం పట్టుకుని నడుస్తోంది, ఆ పట్టు బిగిసింది. థియేటరు తలుపులు తీశారు. ఏం లేదు నాన్నా అన్నాను.

నెలసరి మర్నాడు వచ్చింది. కుట్లతో, సెలైనుతో, పక్కమీద కదల్లేకుండా ఉన్నప్పుడు వచ్చింది. ఆపరేషన్ అయితే ఒక్కోసారి డేట్లు తప్పి ముందే వచ్చేస్తాయిలే అంది నర్సు. అమ్మా నేనూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహాలు ఒకరం చూసుకుని ఊరుకున్నాం. నొప్పి తెలియకుండా ఏవో ఇంజెక్షన్లు ఇస్తున్నారు కాబట్టి ఏ నొప్పి దేనిదో నాకూ తెలియలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. స్నానం చేస్తున్నప్పుడు కంటబడితే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంటి దగ్గర కొన్నాళ్లుండి మళ్లీ హాస్టలుకి వెళ్లాను. నాన్న సంబరం చెప్పనలవి కాదు. కొట్టుకొచ్చిన ప్రతి రైతుకీ, సమయానికి తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది అని చెప్పుకున్నాడట. ఇన్‌చార్జ్ మేడమ్ అందరి ముందూ, ఇక నీకు వంక లేదు అంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. రోజులు దగ్గరపడుతుంటే పుస్తకం ముందు కూర్చుని చెయ్యి పొట్ట మీద పెట్టుకునేదాన్ని. ఏమీ లేకపోతే, హమ్మయ్య, నిజంగా అదేనేమో అనుకునేదాన్ని. కాస్త చురుక్కుమంటే కుట్లులే అనుకునేదాన్ని.

కుట్లు కాదు. ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ పరీక్ష రాస్తుంటే అదే పక్కన, అదే చోట పట్టుకుంది. ఇంకా ఆరీ ఆరని కుట్ల పక్కన ఆ మెలిక తిరగడం గోరుచుట్టు మీద రోకటిపోటు. పేపరు ఇచ్చేసి బయటికి వచ్చి వరండాలో నేల మీద పడుకుండిపోయాను. మేడమ్ వచ్చి నిలబడింది. తీసేసిన అపెండిక్సుకి నొప్పేంటి అంది. నవ్వు కూడా నవ్వింది. నేను అక్కడే వాంతి చేసుకున్నాక గానీ ఫోను తియ్యలేదు.

మళ్లీ అదే కారు, అదే సూర్యారావుపేట, అదే గది. ఈసారి నాన్న మొహంలో రక్తం లేదు. నా వైపు చూడటానికే భయపడుతున్నాడు. డాక్టరు గారు మళ్లీ నొక్కి చూశాడు, మళ్లీ స్కానింగ్ అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కెమెరా పెట్టి లోపల చూద్దాం, అవసరమైతే అక్కడికక్కడే సరిచేద్దాం అన్నాడు. నాన్న చేతులు కట్టుకునే ఉన్నాడు. మీ ఇష్టమండీ, ఎప్పుడంటే అప్పుడు చెయ్యండి అన్నాడు.

అంటే మళ్లీ కోస్తారు. మొన్న లేని రోగానికి కోశారు, ఇప్పుడు ఆ కోతకి మళ్లీ కోస్తారు. దాని తర్వాత? వచ్చే నెల మళ్లీ నొప్పి వస్తే ఇంకేం తీస్తారు? నాకు ఒక్కసారిగా అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ వైపు చూశాను. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, తల ఎత్తలేదు. ఈవిడ చెప్పదని నాకు తెలిసిపోయింది. డాక్టరు గారు కలం తీశాడు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాను. "నాకు పీరియడ్స్ వచ్చే ముందే ఈ నొప్పి వస్తుంది. ప్రతి నెలా వస్తుంది. ఆపరేషన్ ముందు కూడా ఇదే నొప్పి. రేపో ఎల్లుండో నాకు డేట్ వస్తుంది, కావాలంటే చూడండి."

నా చెవులు వేడెక్కిపోయాయి. డాక్టరు గారు కలం కింద పెట్టి, ఎన్నాళ్ల నుంచమ్మా అన్నాడు. తొమ్మిదో తరగతి నుంచి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"అయితే మొన్న మీరు తీసిందేంటండీ?" అన్నాడు.

అంత మర్యాదగా అడిగిన ప్రశ్నకి అంత పెద్ద మనిషీ తడబడ్డాడు. అనుమానంగా ఉంది కాబట్టే తీశామండీ అన్నాడు. నెలసరి సంగతి నేను అప్పుడే అడిగాను, అమ్మగారు ఏ ఇబ్బందీ లేదన్నారు, అదే తెలిసుంటే ఆగి చూసేవాళ్లం అన్నాడు. తప్పు ఆయన మీద వెయ్యడానికి మాకు మొహం లేదు. నాన్న మెల్లిగా అమ్మ వైపు తిరిగాడు. ఆయన అమ్మ మీద అరవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ అరవలేదు. ఆడపిల్ల కడుపు కోస్తుంటే అలా ఎలా చెప్పావు అన్నాడు.

"మీరు పక్కనే ఉన్నారు కదండీ," అంది అమ్మ.

డాక్టరు గారు గొంతు సవరించుకుని, ఇది నా పని కాదు, లేడీ డాక్టరు చూడాలి అంటూ వెనక వీధిలోని ఒకావిడ దగ్గరికి వెళ్లమన్నాడు. మమ్మల్ని వెంటనే చూడమని తనే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ వీధిలో కారు పట్టదంటే ఆటో ఎక్కి, ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. నాకు అమ్మ మీద ఎంత కోపంగా ఉందంటే, కుదుపుకి ఆవిడ భుజం తగిలితే జరిగిపోయాను. పక్కనే ఉన్నారట. మొగుడికి వినపడుతుందని కూతుర్ని కోతకి పంపిన తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఇంటికి వెళ్లాక ఈ మాట మొహాన అడగాలని నోట్లో నలుపుకుంటూ కూర్చున్నాను.

లేడీ డాక్టరు గారి దగ్గర మగవాళ్లు బయట వరండాలో కూర్చుంటారు. నా పేరు పిలిచాక నాన్న అలవాటు కొద్దీ ఆగిపోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, మా వెనకే లోపలికి వచ్చి తలుపు వేశాడు. డాక్టరు గారు ఆయన్ని చూసి ఇంకో కుర్చీ చూపించింది. ఆవిడ ఒక్కొక్కటే అడిగింది, నేను ఒక్కొక్కటే చెప్పాను. ఎప్పుడు మొదలవుతుంది, ఎంత పోతుంది, గడ్డలుగా పోతుందా, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి ఉంటుందా, ఎన్ని క్లాసులు పోతున్నాయి. నాన్న ముందు చెప్పకూడని మాటలు ఎన్నున్నాయో అన్నీ చెప్పాను. కొన్ని కావాలనే గట్టిగా చెప్పాను. నాన్న బల్ల అంచు చూస్తూ కూర్చున్నాడు, కానీ లేచి వెళ్లలేదు.

ఆవిడ తనే మళ్లీ స్కానింగ్ చేసి చూసింది. కుడిపక్క అండాశయం మీద తిత్తి ఉంది, మొన్న వాపులా కనిపించింది ఇదే కావచ్చు, ఎండోమెట్రియోసిస్ అయ్యుండాలి అంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట పెరుగుతుంది, నెలనెలా దాన్నుంచి కూడా లోపల్లోపలే రక్తం కారుతుంది, అందుకే ఆ నొప్పి అని అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఊరికే వచ్చే నొప్పి కాదమ్మా ఇది అంది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో అలా అన్న మొదటి మనిషి ఆవిడ. తర్వాత అమ్మ వైపు తిరిగి, ఇది ఒక్కోసారి తల్లికీ ఉంటుంది, మీకెలా ఉండేదండీ అని అడిగింది.

నాన్నే చెప్పాడు, తనకి గర్భసంచి ఎప్పుడో తీసేశారండీ, పాప మూడో తరగతిలో ఉండగా, గడ్డ వచ్చింది అన్నాడు. అది నాకూ తెలుసు. ఆ సెలవులన్నీ అమ్మమ్మ మా ఇంట్లో ఉండి వంట చేసిపెట్టింది.

"గడ్డేం లేదండీ," అంది అమ్మ. నాన్నతో అందో డాక్టరుతో అందో తెలియలేదు. "నెలనెలా ఆ నొప్పి పడలేక నేనే తీసెయ్యమన్నాను. గడ్డని ఈయనతో నేనే చెప్పాను."

నాన్న అమ్మనే చూస్తూ ఉండిపోయాడు. నా నోట్లో ఉన్న మాట నోట్లోనే ఎండిపోయింది. అమ్మకి అప్పటికి ముప్ఫై దాటి ఎన్నాళ్లో కాలేదు. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ల నొప్పులు, ఒంట్లో వేడి ఆవిర్లు, ఊరికే చిరాకులు, అన్నిటికీ నేనూ నాన్నా కలిసి నవ్వుకున్న రోజులున్నాయి. అమ్మ ఇప్పుడు నన్ను చూడటం లేదు, డాక్టరు గారి వైపు కొంచెం ముందుకు వంగింది.

"దీనిదీ అదేనని నాకు మొదటినుంచీ తెలుసండీ. తేలితే దీనికీ సంచి తీసేస్తారని భయం. ఇంకా పెళ్లి కూడా కాని పిల్ల. అందుకే అపెండిక్స్ అనగానే, పోనీ అదే తీసెయ్యండి అనుకున్నాను," అంది.

డాక్టరు గారు తల అడ్డంగా ఊపింది. ఈ వయసులో ఎవరూ తియ్యరమ్మా, అంత అవసరమే లేదు, మందులున్నాయి అంది. రోజూ వేసుకునే బిళ్లలున్నాయి, తగ్గకపోతే ఆ తిత్తి ఒక్కటే తీసే పద్ధతులున్నాయి, చాలామంది వీటితోనే సుఖంగా ఉంటున్నారు, అప్పటి మీ వయసు వాళ్లకి కూడా ముందు ఇవే ఇస్తాం అంది.

అమ్మ ఆవిడ మాటలు పూర్తయ్యేదాకా వింది.

"మరి అప్పుడు నాకెవరూ చెప్పలేదేంటండీ?" అంది.